పల్లం డ్రైవరూ, నిప్పుతో నడిచే ఫ్రిజ్జూ

డిపోలో ఆయన్ని అందరూ పల్లం డ్రైవరనే పిలిచేవాళ్లు. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. బస్సు ఎక్కడ ఆపాల్సి వచ్చినా ఆయన కళ్లు ముందు పల్లం కోసం వెతికేవి. టీ కొట్టు ఎదురుగా ఏనుగు పడుకునేంత జాగా ఉన్నా సరే, అవతలెక్కడో కాస్త వాలు కనిపిస్తే బస్సుని అక్కడిదాకా తీసుకెళ్లి, మూతి కిందికి పెట్టి, ముందు చక్రానికి రాయి అడ్డం వేసి, అప్పుడు తాపీగా నడిచొచ్చి టీ తాగేవాడు. ఆ రాయి కూడా ఆయన సొంతమే. సీటు కింద గోనెపట్టాలో చుట్టి దాచుకునేవాడు.

ఈ పిచ్చికి ఒక కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెళ్లివారి బస్సు నడుపుతూ, భోజనాల కోసం చదునుగా ఉన్న చోట ఆపాడు. తిరిగి ఎక్కాక బ్యాటరీ మూగనోము పట్టింది. వాన మొదలైంది. కొత్త బట్టల్లో ఉన్న ఆడా మగా అందరూ బురదలోకి దిగి బస్సు తోశారు. పెళ్లికొడుకూ తోశాడు. పెళ్లికూతురి మేనత్త తోస్తూ తోస్తూ తిట్టిన తిట్లు ఆయనకి ఇప్పటికీ వరసగా అప్పజెప్పడం వచ్చు. బతికుండగా ఇంకొక మనిషి చేత బండి తోయించుకోనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. పల్లంలో నిలబెడితే బండి దానంతట అదే దొర్లుతుంది. గేరు వేసి క్లచ్చు వదిలితే ఇంజను లేస్తుంది. బ్యాటరీ ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే. ఎవడికీ దండం పెట్టక్కర్లేదు.

ఆయన భార్య టైలరు. వీధి గదిలో కిటికీ పక్కన మిషను వేసుకుని కుట్టేది. వీధి వీధంతా ఆవిడని టైలరమ్మ అనేవాళ్లు. విచిత్రమేమిటంటే, మొగుడు బస్సు డ్రైవరై ఉండి కూడా ఆవిడ ఆ బస్సు ఒక్కసారీ ఎక్కలేదు. ఆయనకి సెలవున్న రోజున ఆవిడకి చేతినిండా పని. ఆవిడకి తీరిక దొరికిన రోజున ఆయన రోడ్డు మీద. పెళ్లైన కొత్తలో ఒకసారి అడిగింది.

“మీ ఆఖరి స్టాపు తర్వాత ఏముంటుందండీ?”

“మలుపు. బస్సు తిప్పుకోవడానికి.”

“ఆ తర్వాత?”

“రోడ్డు పోతూనే ఉంటుంది. కొండల్లోకి.”

“ఎక్కడిదాకా?”

“నాకేం తెలుసు? నా డ్యూటీ అక్కడితో సరి.”

ఆవిడ నవ్వి ఊరుకుంది. కానీ ఆవిడ మర్చిపోయే రకం కాదు. కొన్నేళ్లకోసారి, అన్నం వడ్డిస్తూనో, బొత్తాలు కుడుతూనో, “ఇంతకీ ఆ రోడ్డు ఎక్కడికి పోతుందో కనుక్కున్నారా?” అని అడిగేది. కనుక్కోవడం ఎంతసేపు, ఎవర్నడిగినా చెప్తారు. కానీ ఆవిడకి చెప్పించుకోవడం కాదు, చూడటం కావాలి. ఆ సంగతి ఆయనకి తెలుసు. అందుకే ఎవర్నీ అడగలేదు.

తర్వాత ఆవిడ వేళ్లు వాచాయి. ముందు పొద్దుటిపూట మాత్రమే బిగుసుకునేవి. తర్వాత రోజంతా. కత్తెర పట్టుకుంటే కళ్లమ్మట నీళ్లు. గుప్పిట మూయమంటే సగంలో ఆగిపోయేది. సూదిలో దారం ఎక్కించడానికి మొగుణ్ణి పిలవాల్సి వచ్చింది. ఇరుకు సందుల్లోంచి అంత బస్సుని దూర్చిన మనిషి, సూది బెజ్జంలో దారం దూర్చలేక చెమటలు కక్కేవాడు. ఒక రోజు ఆవిడ మిషను మీద గుడ్డ కప్పేసి, “ఇక చాలు” అంది. ఆ గుడ్డ కప్పిన మిషను పక్కనుంచి నడవాలంటే ఆయనకి ప్రాణం ఉసూరుమనేది.

అప్పుడు పెద్దాసుపత్రి డాక్టరమ్మ కొత్త ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. పక్షానికొకటి. టైలరమ్మే స్వయంగా తొడలో పొడుచుకోవాలి. మందు మహా సున్నితం. ఎప్పుడూ ఫ్రిజ్జులోనే ఉండాలి. వేడి తగిలితే చచ్చిపోతుంది, గడ్డకట్టినా చచ్చిపోతుంది. దానితోపాటు ఒక చిన్న గుండ్రటి మీటరు ఇచ్చారు. ముల్లు ఆకుపచ్చలో ఉన్నంతసేపూ మందు మంచిది. ఎరుపులోకి పోయిందంటే డబ్బా డబ్బా పారేయాలి, మళ్లీ ఇచ్చే తారీఖు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలి. ముడుచుకోవడం కూడా కుదరదు, అదీ బాధ.

నాలుగు నెలలకి గుప్పిట మూసుకుంది. ఆ రోజు ఆవిడ పొద్దున్నే మంచం మీద కూర్చుని, చెయ్యి మూసి తెరిచి, మూసి తెరిచి, చిన్నపిల్లలా చూసుకుంది. మిషను మీద గుడ్డ తీసేసింది.

కానీ ఆ రోజునుంచీ ఆవిడ ఫ్రిజ్జుకి కట్టేసిన మనిషైపోయింది. ఎక్కడికెళ్లినా మందు తీసుకెళ్లలేదు, మందు వదిలి నాలుగు రోజులుండటానికి భయం. ఆయన రిటైరయ్యాడు. కావలసినంత తీరిక. ఆవిడ మాత్రం, “నా గురించి ఆగకండి, మీరెళ్లి చూసి రండి ఆ రోడ్డు” అంది. ఆయనకి కోపం వచ్చింది. నిజానికి కోపం కాదు అది, ఏడుపు. మగాళ్లు చాలామంది ఆ రెంటికీ ఒకటే మొహం పెడతారు.

టైలరమ్మ తమ్ముడికి పాత బండ్ల యార్డు ఉంది. ఒక రోజు ఫోను చేశాడు. “బావా, ఒక బండి వచ్చింది. లోపల మంచం, పొయ్యి, బల్ల, అన్నీ ఉన్నాయి. ఫ్రిజ్జు కూడా.”

ఆ చివరి మాట వినగానే బావగారు చెప్పులు వేసుకున్నాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, ఇల్లు నడిపి చూడు అని పెద్దలెవరూ అనలేదు. అందుకే ఆయన యార్డులో ఆ బండి చుట్టూ అనుమానంగా తిరిగాడు. చిన్న వ్యాను. ముందు రెండు సీట్లు, వెనక ఇల్లు. డీజిలు ఇంజను చెవి పెట్టి విన్నాడు, బాగుంది. టైలరమ్మ లోపలికెళ్లి కిటికీలకి టేపు పెట్టి కర్టెన్ల కొలతలు తీస్తోంది. అంటే ఆవిడ అప్పుడే కాపురానికి వచ్చేసిందన్నమాట.

“ఫ్రిజ్జు దేనితో నడుస్తుందిరా?”

“మూడు రకాలు బావా. రోడ్డు మీద బండి కరెంటు. ఎక్కడైనా ప్లగ్గు దొరికితే ఇంటి కరెంటు. రెండూ లేని చోట గ్యాసు.”

“గ్యాసు పొయ్యికి కదరా?”

“పొయ్యికీ, దీనికీ.”

“దీన్లో ఏం వండుతారు?”

“చలి” అన్నాడు బావమరిది.

ఆయన వేళాకోళం అనుకున్నాడు. బావమరిది కిందికి వంగి, ఒక మీట తిప్పి, ఇంకోటి నొక్కాడు. టిక్కుమంది. ఫ్రిజ్జు అడుగున ఒక మూల చిన్న అద్దపు కన్నం. అందులోంచి చూస్తే చిటికెనవేలి గోరంత మంట. నీలం రంగు. కదలడం లేదు. చప్పుడు లేదు. మోటారు లేదు, ఫ్యాను లేదు, గుర్రుమనడం లేదు.

“నిప్పు వెలిగించి చల్లబరుస్తావా? నా చెవిలో పువ్వులు కనిపిస్తున్నాయా?”

“సాయంత్రందాకా ఉండు.”

ఆయన ఉన్నాడు. ఏ మోసం లేకుండా ట్రేలో నీళ్లు తానే పోశాడు. తలుపు తానే వేశాడు. కాసేపటికోసారి మోకాళ్ల మీద కూర్చుని కన్నంలోంచి చూశాడు. మంట అలాగే ఉంది. బండి బయట జాలీ దగ్గర చెయ్యి పెడితే వెచ్చటి గాలి తగిలింది. లోపల చెయ్యి పెడితే, మధ్యాహ్నానికి, మొదటిసారి వేళ్లు జిల్లుమన్నాయి. సాయంత్రం ట్రే తీసి వంచితే నీళ్లు కారలేదు. ఐసు.

ఆయన ఒక ముక్క అరచేతిలో పెట్టుకుని అది కరిగిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్లకి పైగా ఇంజన్లతో కాపురం చేసిన మనిషి. నిప్పుతో చక్రం తిరగడం చూశాడు, రేడియేటరు మరగడం చూశాడు. నిప్పు నీళ్లని గడ్డకట్టించడం ఆయన ఎరగడు. లోకంలో ఇలాంటిది ఉంటే, ఇంకా ఏమేమి ఉన్నాయో అనిపించింది.

బావమరిది చెప్తూనే ఉన్నాడు. వెనక గొట్టాల్లో నీళ్లూ అమోనియా కలిపిన ఒక మందు ఉంటుందట. మంట తగిలి మరిగి పైకెక్కుతుందట. పైన చల్లబడి, తన బరువుకి తానే కిందికి జారుతుందట. జారేటప్పుడు పెట్టెలో ఉన్న వేడిని లాక్కుపోతుందట. “రోడ్డు మీద బండి కరెంటు ఉన్న చల్లదనాన్ని నిలబెడుతుందంతే బావా, కొత్తగా పుట్టించలేదు. పుట్టించేది నిప్పే. బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ మీద మాత్రం పెట్టకు, ఇంటికీ ఇంజనుకీ ఒకటే బ్యాటరీ, మొత్తం తాగేస్తుంది. ఇంకొకటి, ముఖ్యమైనది, ఎక్కడ ఆపినా బండి సమంగా...”

బావగారు మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని కన్నంలోకి చూస్తున్నాడు. ఆ ముఖ్యమైనది ఆయన చెవిని తాకి, అటునుంచి అటే వెళ్లిపోయింది. టైలరమ్మ చివరి కిటికీ కొలుస్తూ సగం విన్నది.

బండి తెచ్చి ఇంటి ముందు పెట్టి వారం రోజులు గ్యాసు మీద నడిపి చూశారు. ముల్లు ఆకుపచ్చ మధ్యలో గూటంలా నిలబడింది. వీధిలో వాళ్లందరికీ ఆయన ఆ మంట చూపించాడు, ఐసు చేతిలో పెట్టాడు. ఆ వీధిలో బొత్తిగా పల్లం లేదన్నది ఇల్లు కొన్న రోజునుంచీ ఆయనకున్న బాధ. ఆ వారం ఆయన్ని కాపాడింది అదేనని అప్పుడు తెలియలేదు.

బయల్దేరారు. మందు డబ్బాకి టైలరమ్మ మిగిలిన గుడ్డలతో మెత్తటి సంచీ కుట్టి ఫ్రిజ్జులో పెట్టింది. పక్కన మీటరు. దారి పొడుగునా ఆయన ఒక్కో స్టాపూ చూపిస్తూ వచ్చాడు. ఇక్కడ కోళ్ల గంపలతో ఒకావిడ ఎక్కేది, ఇక్కడ ఒకాయన రోజూ తప్పు చిల్లరిచ్చేవాడు. ఆవిడ అన్నీ తలతిప్పి చూసింది, ఎప్పుడూ ఉత్తరాలే రాసిన చుట్టాల్ని మొదటిసారి కలిసినట్టు. చివరికి రేకుల కప్పు వేసిన ఆఖరి స్టాపు వచ్చింది. ఆయన చేతులు వాటంతటవే స్టీరింగు తిప్పబోయాయి.

“తిప్పకండి” అందావిడ, మెల్లగా.

తిప్పలేదు. మలుపు వెనక్కి వెళ్లిపోయింది. ఎదురుగా అదే తారు, అవే తెల్ల గీతలు. ఇన్నేళ్లు ఈ రోడ్డు మీద ప్రతిరోజూ వెనక్కి తిరిగినవాడు, ఇవాళ తిరగలేదు. అంతే జరిగింది. అంతమాత్రానికే చెట్టూ చేమా అన్నీ అప్పుడే పుట్టినట్టు కనిపించాయి. ఆవిడ ముక్కు అద్దానికి ఆనించి కూర్చుంది.

మొదటి రాత్రి ప్లగ్గున్న బస దొరికింది. రెండో రోజు కొండలెక్కారు. చీకటి పడేవేళకి మంచు పొగ కమ్ముకుంది. పక్క కూడా కనబడటం లేదు. ఆయన రోడ్డు పక్కన మంచి వాలు చూసుకుని, మూతి కిందికి పెట్టి, రాయి వేశాడు. ఎంత బాగుందంటే, అంతటి పల్లం ఆయనకి సర్వీసు మొత్తంలో నాలుగైదుసార్లే దొరికింది. ఫ్రిజ్జు గ్యాసు మీద పెట్టి, నీలి మంటని ఒకసారి చూసుకుని, హాయిగా పడుకున్నాడు.

పొద్దున్న టైలరమ్మ ఫ్రిజ్జు తీసి, “ఏవండీ” అంది. ఆ పిలుపులోనే ఉంది అంతా.

ముల్లు ఆకుపచ్చలోనే ఉంది గానీ మధ్యలో లేదు. ఎరుపు వైపు జరిగింది. ట్రేలో రాత్రి ఐసు నీళ్లయి ఉంది. ఆయన వంగి కన్నంలోంచి చూశాడు. మంట వెలుగుతోంది. నిన్నటి మంటే. నీలం. నిలకడ. వెలుగుతోంది, పని చేయడం లేదు. నమ్మినవాడు ఎదురుగా నిలబడి మాట తప్పితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆయనకి.

మంట పెంచాడు. తగ్గించాడు. ఆర్పి వెలిగించాడు. ముల్లు ఇంకొంచెం జరిగింది. బావమరిదికి ఫోను చేద్దామంటే సిగ్నలు లేదు. అప్పుడు చేయకూడని పని చేశాడు. తెలిసి తెలిసీ ఫ్రిజ్జుని బ్యాటరీ మీదికి మార్చాడు. ఇంజను ఎందుకు ఆన్ చేయలేదంటారా? డీజిలు అవతలి ఊరి బంకు చేరడానికి సరిపోయేంతే ఉంది. నిలబెట్టి తగలేస్తే మధ్యలో ఉండిపోతారు. కాసేపే కదా అనుకున్నాడు. మధ్యాహ్నానికి లోపల దీపం వేస్తే ఎర్రగా, ఆవులించినట్టు వెలిగింది. బ్యాటరీ పోయింది. ముల్లు వెనక్కి రాలేదు.

“మందు పోతే ఏముందిలెండి” అంది టైలరమ్మ. “నెలన్నర ఓర్చుకుంటాను. కానీ ఒక్క మాట. దీని తర్వాత నేనింక గడప దాటను. నన్ను రమ్మనకండి. ఆశ పెట్టకండి.”

ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు.

చేతులు ఊరుకోక ఆవిడ బల్ల దగ్గర కూర్చుని కర్టెను అంచు కుట్టడం మొదలుపెట్టింది. దారపు రీలు బల్ల మీద పెట్టింది. అది దొర్లి కింద పడింది. తీసి పెట్టింది. మళ్లీ దొర్లి, మళ్లీ డ్రైవరు సీటు వైపే వెళ్లింది. మూడోసారి ఆవిడ దాన్ని తీయలేదు. అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి, ఒక కంచంలో నీళ్లు పోసి బల్ల మీద పెట్టింది. నీళ్లన్నీ ఒక పక్కకి చేరాయి. అవతలి పక్క కంచం పొడిగా ఉంది.

“నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు” అంది ఆవిడ. “ఏవండీ, మా తమ్ముడు సమంగా అని ఏదో అన్నాడు. సమంగా నిలబెట్టమని. ఆ గొట్టాల్లో జారాల్సింది కూడా నీళ్లే కదా. అది దారి తప్పి ఏదో ఒక మూల చేరి కూర్చుంది. కింద నిప్పు వెలిగి ఏం లాభం?”

ఆయన కంచం వంక చూశాడు. రీలు వంక చూశాడు. చక్రం ముందు వేసిన రాయి కనబడకపోయినా దాని వంకా చూశాడు. ఇన్నేళ్ల తెలివి, డిపో అంతా పేరు పెట్టి పిలిచిన తెలివి, ఆవిడ మందుని చంపేస్తోంది.

అప్పుడే పొగమంచు విడిపోయింది. కింద, కొండ అడుగున, తెల్లగా ఏదో కనిపించింది. ఎంత తెలుపంటే కళ్లు చికిలించాల్సి వచ్చింది. ఈ చివర నుంచి ఆకాశం దాకా గీత గీసినట్టు, మడతలేని బట్టలా పరిచి ఉంది.

“మంచా?” అంది ఆవిడ.

“కాదు. ఎండిన చెరువులా ఉంది. ఉప్పు.”

ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి చూశారు. వేరే వేళైతే గంతులేసేవాళ్లు. ఆవిడ పెళ్లినాటి ప్రశ్నకి జవాబు అది. రోడ్డు అక్కడికే పోతోంది.

“ఈ ఘాటులో సమమైన జాగా జానెడైనా లేదు. అదిగో, అంత సమమైన నేల లోకంలో ఇంకెక్కడా ఉండదు” అన్నాడాయన. “అక్కడ నిలబెడితే ఫ్రిజ్జు పని చేస్తుంది. కానీ అక్కడ ఇంజను ఆపితే మళ్లీ లేవదు. బ్యాటరీ లేదు, పల్లం లేదు. ఇక్కడే ఉంటే ఇంజను లేస్తుంది, మందు పోతుంది. నడుపుకుంటూ పోయినా ముల్లు ఆగుతుందేమో గానీ వెనక్కి రాదు. ఎండ కాస్త ముదిరితే అంతే.”

“మనుషులుంటారేమో.”

“కనబడుతున్నారా?”

లేరు. ఆ తెలుపులో ఒక్క చుక్క లేదు.

“తోసేవాళ్లు లేకపోతే నేను తోస్తాను” అంది.

“నువ్వా!” అని ఆయన నవ్వాడు. నవ్వాక ఆవిడ చేతులు చూసి ఊరుకున్నాడు.

బయటికెళ్లి రాయి తీసి, సీటెక్కి బ్రేకు వదిలాడు. బండి దొర్లింది, గేరు వేశాడు, ఇంజను లేచింది. ఆ ఘాటు రోడ్డంతా ఆయన ఒక్కటే ఆలోచించాడు. ఇదే తన ఆఖరి పల్లం. దీన్ని ఖర్చు పెట్టేస్తున్నాడు. పెళ్లికూతురి మేనత్త తిట్లు మలుపు మలుపునా వినిపించాయి.

పొద్దు వాలకముందే ఉప్పు మీదికి చేరారు. చక్రాల కింద కరకరమంది. నేల రాయిలా గట్టిగా ఉంది. ఎటు చూసినా అదే తెలుపు, అదే నిశ్శబ్దం. తాళం వేసిన రేకుల కొట్టం ఒకటి, దాని పక్కన నాలుగు ఉప్పు కుప్పలు. ఆయన బండి ఆపాడు. ఇంజను మాత్రం ఆపలేదు. చెయ్యి తాళం మీద పెట్టుకుని కూర్చున్నాడు.

టైలరమ్మ వెనక బల్ల మీద కంచం పెట్టి నీళ్లు పోసింది. ముందుకు వంగి చూసింది. “రండి, చూడండి.”

నీళ్లు కంచం నిండా సమంగా పరుచుకున్నాయి. రీలు పెడితే పెట్టిన చోటే నిలబడింది. అంత పెద్ద నేల, అన్ని మైళ్ల ఉప్పు, ఒక కంచెడు నీళ్లంత తిన్నగా ఉంది. ఎవరు చదును చేశారు దీన్ని? ఎవరూ చేయలేదు. నీళ్లే వచ్చి, ఆగి, ఎండి, వెళ్లిపోయాయి. ఆయన వెళ్లి ఇంజను ఆపేశాడు. ఆ చప్పుడు పోయాక చెవులు గింగురుమన్నాయి.

మోకాళ్ల మీద కూర్చుని మంట వెలిగించాడు. టిక్కుమంది. నీలం.

ముల్లు ఆకుపచ్చ అంచున ఉంది. ఇంకొక్క వెంట్రుక జరిగితే ఎరుపు. ఇద్దరూ పక్కపక్కన నేల మీద కూర్చుని దాన్నే చూశారు. ఎండ దిగిపోయింది. ఉప్పు ముందు బంగారంలా, తర్వాత గులాబీ రంగులో, తర్వాత బూడిద రంగులో మారింది. వాళ్లు దాన్ని సగమే చూశారు. ముల్లు కదల్లేదు. చాలాసేపటికి ఆవిడ, “ఆగింది” అంది. అంటే పైకి పోవడం ఆగింది. అన్నం తిని వచ్చి చూస్తే కొంచెం లోపలికి వచ్చినట్టుంది. తన కళ్ల మీద నమ్మకం లేక ఆయన ఆవిడని చూడమన్నాడు. ఆవిడ చూసి, చెంగుతో మొహం తుడుచుకుంది.

తెల్లవారి ఆయన లేచేసరికి ఆవిడ అప్పటికే ఫ్రిజ్జు ముందు నిలబడి ఉంది. ముల్లు ఆకుపచ్చ నడిమధ్యలో ఉంది. ట్రేలో ఐసు. బయట ఆకాశం నుంచి నేల దాకా తెలుపు. ఇంత పెద్ద లోకంలో, గోరంత మంట ఒకటి రాత్రంతా మేలుకుని ఆవిడ వేళ్లకి కాపలా కాసింది. ఆయన వంగి ఆ కన్నానికి చేతులు జోడించాడు. ఎవరైనా చూస్తే నవ్వుతారని కూడా తోచలేదు.

ఆ రోజే ఇంజెక్షను రోజు. ఆవిడ వేసుకుంది. ఖాళీ సూది డబ్బాలో పెడుతూ కిటికీలోంచి చూసి, “ఎవరో వస్తున్నారు” అంది.

ఉప్పు కోసేవాళ్లు. సైకిళ్ల మీద, పారలు భుజాన వేసుకుని, వరసగా వస్తున్నారు. పది పన్నెండు మంది, ఆడా మగా. తమ కొట్టం పక్కన ఇల్లు మొలవడం చూసి దిగి చుట్టూ చేరారు. పెద్దామె ఒకావిడ నడుం మీద చేతులు పెట్టుకుని, “ఏమైందయ్యా, దారి తప్పారా?” అని అడిగింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. ముప్ఫై ఏళ్లకి పైగా అనకుండా దాచుకున్న మాట అది.

“బండి లేవడం లేదమ్మా. కాస్త... తోస్తారా?”

“తొయ్యడానికేం, తోస్తాం. తిట్టుకుంటూ తోస్తాం, పరవాలేదా?” అంది ఆవిడ. అందరూ పకపకా నవ్వారు. ఆయనా నవ్వేశాడు. అన్నేళ్లు మోసిన బరువు అలా నవ్వులో పోయింది.

“నువ్వు లోపల కూర్చో” అన్నాడు భార్యతో. తాను డ్రైవరు సీటెక్కి, రెండో గేరు వేసి, క్లచ్చు తొక్కిపట్టాడు. వెనక నుంచి “హైలెస్సా” అని కేక. బండి కదిలింది. మెల్లగా, ఇంకాస్త జోరుగా. ఉప్పు కరకరలాడింది. ఎంత జోరందుకుందో చూద్దామని పక్కద్దంలోకి చూశాడు.

వరసలో చివర, ఉప్పు కోసే వాళ్ల మధ్య, టైలరమ్మ ఉంది. తలొంచుకుని, కాళ్లు తన్నిపట్టి, రెండు అరచేతులూ బండికి బల్లపరుపుగా ఆనించి తోస్తోంది. పది వేళ్లూ తిన్నగా విచ్చుకుని ఉన్నాయి. ఒక్కటీ వంకర లేదు.

ఆయన క్లచ్చు వదలడం మర్చిపోయాడు.

“వదులయ్యా!” అని వెనక నుంచి పెద్దామె అరిచింది. వదిలాడు. ఇంజను దగ్గి, ఊగి, లేచింది. లేచిన బండిని ఆపకూడదు కాబట్టి ఆ తెల్లటి మైదానంలో పెద్ద గుండ్రం తిప్పుకొచ్చాడు. అద్దం మసకగా ఉందనుకుని తుడిచాడు. మసక అద్దానిది కాదు.

నెమ్మదిగా పక్కకి తెచ్చి, తలుపు తీసి పట్టుకున్నాడు. ఆవిడ రొప్పుతూ పరుగెత్తుకొచ్చి ఎక్కింది. మొదటిసారి, మొగుడి బండి కదులుతుండగా ఎక్కింది.

“నొప్పిగా ఉందా?” అన్నాడు.

ఆవిడ చెయ్యి ఆయన మొహం ముందు పెట్టి గుప్పిట మూసింది. పూర్తిగా మూసింది. తెరిచింది.

“ముందుకి పోనివ్వండి” అంది.